ప్రధాన భూకంపం రొదలో మునిగిపోయే అనంతర ప్రకంపనలు: తరంగ రూపాల పోలికతో వాటిని పట్టే పద్ధతి

పెద్ద భూకంపం వచ్చాక అనంతర ప్రకంపనలు అత్యంత జోరుగా వచ్చేది మొదటి గంటలో. భూకంపాల క్యాటలాగ్‌లలో అత్యంత లోపభూయిష్ఠంగా ఉండేది కూడా ఆ మొదటి గంటే. 1891 నాటి నోబి భూకంపం తర్వాత వచ్చిన ప్రకంపనలను లెక్కించి జపాన్ శాస్త్రవేత్త ఫుసాకిచి ఒమోరి 1894లో ఒక సూత్రం చెప్పాడు. ప్రకంపనల జోరు కాలానికి దాదాపు విలోమానుపాతంలో తగ్గుతుందని దాని సారం. పదో రోజున ఉండే జోరుకు మొదటి రోజు చివర్లో పదింతలు ఉంటే, మొదటి గంట చివర్లో అంతకు మరో ఇరవై నాలుగింతలు ఉండాలి. సీస్మోగ్రామ్‌లో, అంటే కంపనాల గీతల రికార్డులో, మాత్రం అన్ని కనిపించవు. ప్రకంపనలు రాక కాదు. ప్రధాన భూకంపం తరంగాల తోక ఇంకా ఊగుతూ ఉంటుంది, దాని మీద పెద్ద అనంతర ప్రకంపనలు ఒకదానిపై ఒకటి వచ్చి పడతాయి, చిన్నవి ఈ మొత్తం అడుగున అణగిపోతాయి.

ఎంతమేరకు అణగిపోతాయో అంచనా వేసే ఒక అనుభవ సూత్రాన్ని దక్షిణ కాలిఫోర్నియా రికార్డుల ఆధారంగా హెల్మ్‌స్టెటర్ బృందం 2006లో ఇచ్చింది. ప్రధాన భూకంపం మాగ్నిట్యూడ్ నుంచి 4.5 తీసివేయాలి. గడిచిన కాలాన్ని రోజుల్లో తీసుకుని, 10 ఆధారంగా దాని సంవర్గమానానికి 0.75 రెట్లు కూడా తీసివేయాలి. మిగిలేది ఆ సమయానికి క్యాటలాగ్ పూర్తిగా పట్టగలిగే కనీస మాగ్నిట్యూడ్. 7 మాగ్నిట్యూడ్ భూకంపానికి ఈ లెక్క వేస్తే ఆరు నిమిషాల దగ్గర 4.3, గంట దగ్గర 3.5, రోజు గడిచాక 2.5 వస్తుంది. మాగ్నిట్యూడ్ ఒక అంకె తగ్గితే ప్రకంపనల సంఖ్య సుమారు పదింతలవుతుందన్నది గూటెన్‌బర్గ్-రిక్టర్ సంబంధం. ఈ రెండూ కలిపి చూస్తే, రోజు చివర పూర్తిగా కనిపించే 2.5 స్థాయి ప్రకంపనల్లో, గంట దగ్గర పదింటికి ఒక్కటే నమ్మకంగా క్యాటలాగ్‌కు ఎక్కుతోంది.

సాధారణ గుర్తింపు పద్ధతి ఇక్కడ తడబడడానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. ఎక్కువ నెట్‌వర్క్‌లు ఇప్పటికీ రెండు సగటుల నిష్పత్తి మీద ఆధారపడతాయి. ఒకటి గత అర సెకను, ఒక సెకను పాటు ఉన్న సంకేతం సగటు. రెండోది గత పది, ముప్పై సెకన్ల సగటు. మొదటిది రెండోదానికంటే మూడు, నాలుగు రెట్లు పెరిగితే ఏదో వచ్చిందని యంత్రం గంట కొడుతుంది. ప్రశాంతంగా ఉన్న రోజున ఇది చక్కగా పనిచేస్తుంది. ప్రధాన భూకంపం తర్వాత దీర్ఘ సగటే ఆకాశాన్నంటి ఉంటుంది కాబట్టి నిష్పత్తి పెరగదు. ఒకవేళ పెరిగినా, ఏ స్టేషన్‌లోని పి-తరంగం (ముందుగా చేరే తరంగం) ఏ ప్రకంపనకు చెందినదో తేల్చే దశలో చిక్కుముడి పడుతుంది. పది సెకన్లలో మూడు ప్రకంపనలు వస్తే పదిహేను స్టేషన్ల సమయాలు కలగాపులగమవుతాయి.

పోలిక ఎందుకు పనిచేస్తుంది

దగ్గరదగ్గర నాభుల (భూమి లోపల భూకంపం మొదలయ్యే చోట్ల) నుంచి, ఒకే రకమైన కదలికతో వచ్చిన రెండు భూకంపాలు ఒకే స్టేషన్‌లో దాదాపు ఒకే ఆకారపు గీతను గీస్తాయి. వాటి తరంగాలు ఒకే దారిన, ఒకే రాతి పొరల గుండా వస్తాయి మరి. పరిమాణం వేరైనా వంపులు అవే. అందుకని ఇప్పటికే బాగా నమోదైన ఒక ప్రకంపన తరంగాన్ని టెంప్లేట్‌గా తీసుకుని, నిరంతర రికార్డు మీద ఒక్కో శాంపిల్ (ఒక్కో కొలత) చొప్పున జరుపుతూ, ప్రతి చోటా క్రాస్ కోరిలేషన్, అంటే రెండు ఆకారాలు ఎంత కలుస్తాయో చెప్పే అంకె, లెక్కించవచ్చు. ఈ విలువ −1 నుంచి +1 దాకా ఉంటుంది. సంకేతం ఎంత పెద్దదన్నది దీనికి పట్టదు, ఆకారమే పడుతుంది.

అసలు బలం ఒక్క ఛానల్‌లో (ఒక స్టేషన్‌లో ఒక దిశ కదలిక రికార్డులో) లేదు. 2 నుంచి 10 హెర్ట్జ్ మధ్య ఫిల్టర్ చేసిన 6 సెకన్ల కిటికీలో (పోలికకు తీసుకునే రికార్డు ముక్కలో) స్వతంత్ర సమాచారం సుమారు 2 × 8 × 6, అంటే 96 విలువలకు సమానం. శుద్ధ నాయిస్ (ప్రకంపన ఏదీ లేని రొద) మీద కోరిలేషన్‌కు ప్రామాణిక విచలనం ఆ 96 వర్గమూలానికి విలోమం, సుమారు 0.10. ఇలాంటివి 30 ఛానళ్లు తీసుకుని, ప్రతి దానినీ టెంప్లేట్‌లోని ప్రయాణకాల తేడా ప్రకారం వెనక్కి జరిపి సగటు తీస్తే విచలనం 0.019కి పడిపోతుంది. ఇప్పుడు నాయిస్‌లో ఐదో వంతు మాత్రమే ఉన్న సంకేతాన్ని ఊహించండి. కంటికి అది ఏ ఛానల్‌లోనూ కనిపించదు. కానీ దాని కోరిలేషన్ సుమారు 0.2, అంటే సగటు మీద పది విచలనాల ఎత్తు. ముప్పై చోట్ల, సరైన క్షణంలో, సరైన ఆకారం ఒకేసారి కొద్దికొద్దిగా తలెత్తడం యాదృచ్ఛికం కాదు.

టెంప్లేట్‌లో కూడా నాయిస్ ఉంటుంది, కొత్త ప్రకంపన నాభి కాస్త పక్కన ఉంటుంది కాబట్టి ఆచరణలో లాభం ఈ ఆదర్శ లెక్కకంటే తక్కువే. నార్వేలోని నార్సార్ సీస్మిక్ అర్రే (ఒకే చోట గుంపుగా అమర్చిన సెన్సార్లు) మీద గిబ్బన్స్, రింగ్డాల్ 2006లో చూపింది సుమారు 0.7 మాగ్నిట్యూడ్ మెరుగుదల. గూటెన్‌బర్గ్-రిక్టర్ లెక్కన అది ఐదు రెట్ల ప్రకంపనలు.

టెంప్లేట్‌ను తయారు చేయడం

ఈ పనిలో సగం నాణ్యత ఇక్కడే నిర్ణయమైపోతుంది. విశ్లేషకులు చేత్తో గుర్తించినా, ఫేజ్‌నెట్ లాంటి న్యూరల్ నెట్‌వర్క్ గుర్తించినా, పి తరంగాల, వాటి వెనక వచ్చే ఎస్ తరంగాల రాక సమయాలు నమ్మదగినవై ఉండాలి. నిలువు ఛానల్ నుంచి పి-తరంగం కిటికీ, అడ్డ ఛానళ్ల నుంచి ఎస్-తరంగం కిటికీ తీసుకోవడం మేలు. రాక సమయానికి 0.2 నుంచి 0.5 సెకను ముందు మొదలుపెట్టి 3 నుంచి 6 సెకన్ల నిడివి ఉంచుతారు. కిటికీ మరీ పొట్టిదైతే ఏ కుదుపైనా దానితో సరిపోతుంది. మరీ పొడుగైతే నాభి వంద మీటర్లు జరిగినా తోక భాగం కలవక కోరిలేషన్ చచ్చిపోతుంది. స్టేషన్ దగ్గరగా ఉండి పి, ఎస్ మధ్య రెండు సెకన్లే తేడా ఉన్నప్పుడు, ఆరు సెకన్ల పి-కిటికీలోకి ఎస్-తరంగం చొరబడి ఆధిపత్యం చేస్తుంది. అలాంటి చోట కిటికీని కుదించాలి.

సంకేతం నాయిస్‌కు కనీసం ఐదింతలు ఉన్న ఛానళ్లనే ఉంచాలి. అలాంటివి ఎనిమిదో, పదో లేని ప్రకంపనను టెంప్లేట్‌గా వాడకపోవడమే మంచిది. తక్కువ ఛానళ్ల టెంప్లేట్ ఇచ్చే గుర్తింపుల సంఖ్య చూడడానికి ఘనంగా ఉంటుంది, వాటిలో తాలే ఎక్కువ.

పెద్ద ప్రకంపనలు మంచి టెంప్లేట్లు అనుకోవడం మరో పొరపాటు. 4 మాగ్నిట్యూడ్ ప్రకంపన మూల స్పందన వ్యవధి ఎక్కువ, దాని కార్నర్ పౌనఃపున్యం (దాటితే సంకేతం శక్తి పడిపోయే హద్దు) సుమారు 2 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 2 మాగ్నిట్యూడ్ దానికి అది దాదాపు 20 హెర్ట్జ్. 2 నుంచి 10 హెర్ట్జ్ మధ్య చూసినప్పుడు ఈ రెంటి ఆకారాలూ ఒకటి కావు. చిన్నవాటిని వెదకడానికి 1.5 నుంచి 3 మధ్య ఉన్న శుభ్రమైన టెంప్లేట్లే ఎక్కువ ఫలితమిస్తాయి.

ఫిల్టర్, రీశాంప్లింగ్, ట్రెండ్ తొలగింపు ఇవన్నీ టెంప్లేట్‌కూ నిరంతర రికార్డుకూ ఒకే వరుసలో, ఒకే విలువలతో జరగాలి. దీనికి సులువైన పరీక్ష ఒకటుంది. ప్రతి టెంప్లేట్ తన సొంత సమయంలో తనను తాను 1.0 కోరిలేషన్‌తో గుర్తించాలి. 0.97 వచ్చినా ఎక్కడో దారి తప్పినట్టే. సాధారణంగా టెంప్లేట్‌ను కత్తిరించాక ఫిల్టర్ చేయడం వల్లో, సమయాన్ని దగ్గరి శాంపిల్‌కు సవరించడంలో ఒక శాంపిల్ తేడా రావడం వల్లో ఇలా అవుతుంది. ఈ పరీక్ష దాటకుండా నెలల రికార్డును నడపడం యంత్ర సమయాన్ని వృథా చేయడమే.

ఆ యంత్ర సమయం చిన్నదేమీ కాదు. 1,000 టెంప్లేట్లు, 30 ఛానళ్లు, సెకనుకు 50 శాంపిల్స్, 300 శాంపిల్స్ పొడవున్న కిటికీ తీసుకుంటే ఒక్క రోజు రికార్డుకు నేరుగా చేసే గుణకారాలు సుమారు 39 లక్షల కోట్లు. ఫూరియే రూపాంతరంతో ఈ భారం బాగా తగ్గుతుంది, గ్రాఫిక్స్ ప్రాసెసర్లు మిగతా బరువు మోస్తాయి. ఈక్యూకార్‌స్కాన్, ఫాస్ట్ మ్యాచ్‌డ్ ఫిల్టర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పనికోసమే ఉన్నాయి.

హద్దు ఎక్కడ గీయాలి

కోరిలేషన్ సగటు ఎంత దాటితే ప్రకంపన అనాలి? వాడుకలో ఉన్న కొలమానం మధ్యగత విచలనం. కోరిలేషన్ విలువల మధ్యగతం నుంచి ఒక్కో విలువకూ ఉన్న దూరాలు తీసుకుని, వాటి మధ్యగతం కడతారు. కొద్ది పెద్ద విలువలు దీన్ని కదిలించలేవు, అదే దీని సుగుణం. హద్దును ఇందుకు 8 నుంచి 12 రెట్ల మధ్య పెడతారు. నాయిస్ గాసియన్ (గంట ఆకారపు వక్రరేఖను అనుసరించేది) అనుకుంటే 8 రెట్లు అంటే 5.4 ప్రామాణిక విచలనాలు. సెకనుకు 50 శాంపిల్స్ చొప్పున రోజుకు 43.2 లక్షల విలువలుంటాయి కాబట్టి, 1,000 టెంప్లేట్లకు రోజుకు 140 దాకా తప్పుడు గుర్తింపులు రావచ్చు. 9 రెట్లకు పెంచితే అవి మూడుకు పడిపోతాయి. పక్కపక్క శాంపిల్స్ ఒకదానిమీద ఒకటి ఆధారపడతాయి, అసలు నాయిస్ గాసియన్ కూడా కాదు. అందుకే ఈ లెక్కను దిక్సూచిగా తీసుకోవాలి తప్ప హామీగా కాదు. ఒక్క మెట్టు తేడాకు ఎంత మార్పు వస్తుందో మాత్రం ఇది స్పష్టంగా చెబుతుంది.

ప్రధాన భూకంపం వచ్చిన రోజున దీనిలో ఒక ఉచ్చు ఉంది. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే. మధ్యగత విచలనాన్ని రోజు మొత్తానికి ఒకటే కడితే, భూకంపానికి ముందున్న ప్రశాంత గంటలు దాన్ని శాసిస్తాయి. భూకంపం తర్వాత మొదటి గంటలో రికార్డు స్వభావమే మారిపోతుంది. తోక తరంగాల శక్తి కొన్ని పౌనఃపున్యాల దగ్గర పోగుపడుతుంది. 8 హెర్ట్జ్ పట్టీ కాస్తా ఒక హెర్ట్జ్‌కు కుంచించుకుపోతే, పై లెక్కలోని 96 స్వతంత్ర విలువలు 12కు తగ్గి, ఒక్కో ఛానల్ విచలనం 0.10 నుంచి 0.29కి ఎగబాకుతుంది. కోరిలేషన్ సంకేతం పరిమాణాన్ని పట్టించుకోదన్నది నిజమే, సంకేతం ఇరుకు పట్టీలోకి వచ్చేయడాన్ని మాత్రం పట్టించుకుంటుంది. ప్రశాంత గంటల్లో కట్టిన హద్దును ఇప్పుడు యాదృచ్ఛిక విలువలే దాటేస్తాయి. తోక తరంగాలు కాలంతో తగ్గుతాయి కాబట్టి తప్పుడు గుర్తింపులూ కాలంతో తగ్గుతాయి. గ్రాఫ్ వేస్తే ఒమోరి సూత్రంలా ముచ్చటగా కనిపిస్తుంది. ఆశించిన ఆకారం వచ్చింది కదా అని పరిశోధకులు సంతృప్తి పడే ప్రమాదం సరిగ్గా ఇక్కడే ఉంది.

దీనికి విరుగుడు రెండంచెలది. మొదటిది, హద్దును గంటకో, అంతకంటే చిన్న భాగానికో విడిగా కట్టడం. రెండోది ఇంకా ముఖ్యం. ప్రతి టెంప్లేట్‌నూ కాలంలో తిరగేసి అదే రికార్డు మీద నడపాలి. తిరగేసిన తరంగానికి పౌనఃపున్యాలు అవే, పొడవు అదే, కానీ ప్రకృతిలో అలాంటి ప్రకంపన ఉండదు. అది ఇచ్చే గుర్తింపులన్నీ తప్పుడువే. వాటిని గంటవారీగా లెక్కించి అసలు గుర్తింపుల పక్కన పెడితే, ఏ గంటలో ఎంత తాలు ఉందో తెలిసిపోతుంది. ఛానళ్ల మధ్య ప్రయాణకాల తేడాలను చెల్లాచెదురు చేసి నడపడం కూడా ఇలాంటి పరీక్షే.

తోక తరంగాల్లో హెచ్చు పౌనఃపున్యాలు ముందుగా క్షీణిస్తాయి. దగ్గరి స్టేషన్లుంటే, ముఖ్యంగా బోరుబావుల్లో దించిన సెన్సార్లుంటే, ఫిల్టర్ అడుగు అంచును 2 నుంచి 8 లేదా 10 హెర్ట్జ్‌కు జరిపితే మొదటి నిమిషాలు తేటపడతాయి. దూరపు స్టేషన్లకు ఈ ఉపాయం పనికిరాదు, అక్కడికి ఆ పౌనఃపున్యాలు చేరేసరికే అరిగిపోతాయి.

నిశ్శబ్దంగా చెడిపోయేవి

రికార్డులో ఖాళీలను సున్నాలతో నింపడం మామూలే. కోరిలేషన్‌ను ఆ కిటికీలోని శక్తితో భాగించాలి, శక్తి సున్నా కావడంతో ఫలితం అర్థంలేని అంకె అవుతుంది. ఖాళీ అంచుల దగ్గర ఫిల్టర్ సృష్టించే ఊపు కూడా టెంప్లేట్‌లా కనబడగలదు. ఖాళీకి ఇరువైపులా కొన్ని సెకన్లు వదిలేసి, ఆ ఛానల్‌ను సగటు నుంచి తప్పించాలి. మిగిలిన ఛానళ్ల సంఖ్య మారింది కాబట్టి హద్దును కూడా మళ్లీ కట్టాలి. ఈ చివరి మాటను చాలామంది మరిచిపోతారు.

ఇంకో లోపం మరీ సూక్ష్మం. వేగం కోసం కిటికీ శక్తిని సంచిత మొత్తాల తేడాగా లెక్కిస్తారు. 32 బిట్ల సంఖ్యలో నిలిచేవి సుమారు ఏడు అంకెలే. ప్రధాన భూకంపం కంపన పరిమితి నాయిస్‌కు లక్ష రెట్లుంటే, వర్గాలలో అది వెయ్యి కోట్ల రెట్లు. ఆ పెద్ద మొత్తం చేరాక తర్వాతి నిశ్శబ్ద భాగాల శక్తి చివరి అంకెల కిందికి జారిపోతుంది. సరిగ్గా అనంతర ప్రకంపనల కోసం వెదికే చోట కోరిలేషన్ తప్పుతుంది, కొన్నిసార్లు 1 దాటిన విలువలూ వస్తాయి. సంచిత మొత్తాన్ని 64 బిట్లలో ఉంచడమో, చిన్న చిన్న భాగాలుగా మళ్లీ మొదలుపెట్టడమో చేస్తే సరిపోతుంది. ప్రోగ్రామ్ ఏ హెచ్చరికా ఇవ్వదు కాబట్టి ఫలితాల్లో 1 దాటిన విలువ ఒక్కటి కనిపించినా మొదట అనుమానించాల్సింది దీన్నే.

స్టేషన్ గడియారం 0.1 సెకను తప్పితే 5 హెర్ట్జ్ తరంగానికి అది సగం ఆవర్తనం. కోరిలేషన్ తగ్గడం కాదు, ప్లస్ గుర్తే మైనస్‌గా తిరగబడి సగటును కిందికి లాగుతుంది. సెన్సార్ మార్చినప్పుడు ధ్రువత తారుమారైనా ఇదే ఫలితం. సెన్సార్ పరీక్ష కోసం పంపే పల్స్‌లు, విద్యుత్ కుదుపులు ఫిల్టర్ గుండా వెళ్లాక చిన్న ప్రకంపనల్లా తయారవుతాయి. ఒక గుర్తింపులో సగానికిపైగా విలువ ఒకే ఛానల్ నుంచి వస్తుంటే దాన్ని తీసేయడం క్షేమం.

పొరుగు టెంప్లేట్లు ఒకే ప్రకంపనను పట్టుకుంటాయి కాబట్టి రెండు మూడు సెకన్లలోపు వచ్చినవాటిలో ఎక్కువ కోరిలేషన్ ఉన్నదాన్నే ఉంచుతారు. ప్రశాంత కాలంలో ఇది సబబే. మొదటి గంటలో మాత్రం ఫాల్ట్ (భూకంపంలో జారిన రాతి పగులు) రెండు కొనల్లో రెండు నిజమైన ప్రకంపనలు ఒకేసారి రావచ్చు. గుర్తింపు సమయాలను కాకుండా అంచనా వేసిన ఉద్భవ సమయాలను (ప్రకంపన నాభిలో మొదలైన క్షణాలను) పోల్చి, టెంప్లేట్ల మధ్య దూరాన్నీ లెక్కలోకి తీసుకుంటేనే ఒకదాన్ని పొరపాటున చెరిపేయకుండా ఉంటాం.

పరిమాణం, స్థానం

మాగ్నిట్యూడ్‌ను టెంప్లేట్‌తో కంపన పరిమితి నిష్పత్తి నుంచి తీస్తారు. పదో వంతుంటే ఒక మాగ్నిట్యూడ్ తక్కువ. శిఖరాల ఎత్తు కొలిస్తే నాయిస్ కూడా అందులో కలిసి, చిన్న ప్రకంపనలన్నీ ఉన్నదానికంటే పెద్దవిగా కనిపిస్తాయి. దానికి బదులు కొత్త తరంగాన్ని టెంప్లేట్‌తో గుణించి కూడి, టెంప్లేట్ శక్తితో భాగించాలి. టెంప్లేట్ ఆకారంలో ఉన్న భాగమే దీనివల్ల లెక్కకు వస్తుంది. ఛానళ్లన్నిటి మధ్యగతం తీసుకుంటే ఒకటి రెండు చెడ్డ స్టేషన్లు ఏమీ చేయలేవు.

గుర్తించిన ప్రకంపనకు టెంప్లేట్ స్థానాన్నే అంటగట్టి వదిలేయడం సగం పనే. 5 హెర్ట్జ్ ఎస్-తరంగం సెకనుకు 3.5 కిలోమీటర్ల వేగంతో పోతే దాని తరంగదైర్ఘ్యం 700 మీటర్లు. బలమైన పోలిక ఉండాలంటే నాభులు అందులో పావు వంతు, సుమారు 175 మీటర్ల లోపు ఉండాలని పాత నియమం. హద్దు తక్కువగా ఉన్నప్పుడు అంతకంటే చాలా దూరంలోనివీ పట్టుబడతాయి. ప్రతి ఛానల్‌లో సమయ భేదాలను శాంపిల్‌లో భిన్నాల దాకా కొలిచి, వాల్డ్‌హౌజర్, ఎల్స్‌వర్త్ 2000లో ఇచ్చిన ద్వంద్వ-భేద పద్ధతితో (పొరుగు ప్రకంపనల మధ్య సమయ భేదాల నుంచి స్థానాలు కట్టే పద్ధతి) స్థానాలు సరిదిద్దితేనే ఫాల్ట్ ఆకృతి గీతలా తేలుతుంది.

ఇంత శ్రమకు ఫలితం ఏమిటి? 2004 సెప్టెంబర్ 28న కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్‌లో 6.0 మాగ్నిట్యూడ్ భూకంపం వచ్చింది. పెంగ్, ఝావో 2009లో ప్రచురించిన విశ్లేషణలో తొలి మూడు రోజులకు సాధారణ క్యాటలాగ్‌కంటే సుమారు 11 రెట్లు ప్రకంపనలు దొరికాయి. అవి కాలం గడిచేకొద్దీ ఫాల్ట్ వెంబడి విస్తరించిన తీరు అప్పుడే బయటపడింది. జపాన్‌లో 2011 తొహోకు భూకంపానికి ముందు చిన్న ప్రకంపనలు రెండు విడతలుగా ప్రధాన నాభి వైపు జరిగాయని కాటో బృందం 2012లో చూపింది కూడా ఇదే పద్ధతితో. దక్షిణ కాలిఫోర్నియాలో 2008–2017 మధ్య రికార్డులను సుమారు 2,84,000 టెంప్లేట్లతో వెదికితే 18.1 లక్షల భూకంపాలు తేలాయి. అంటే దాదాపు మూడు నిమిషాలకొకటి, పాత క్యాటలాగ్‌కు పదింతలు.

ఈ పదింతలు, పదకొండింతలు అన్న మాటలే ఎక్కువగా ప్రచారమవుతాయి. అసలు విలువ మాత్రం ఆ సంఖ్యలో లేదు. ఒమోరి సూత్రంలో ప్రకంపనల జోరు తగ్గడం మొదలయ్యే ముందు ఉండే చిన్న విరామానికి ఒక స్థిరాంకం ఉంది. అది భూమి లోపలి ప్రక్రియదా, లేక మనకు కనిపించక మిగిలిన లోటుదా అన్నది తొలి నిమిషాల క్యాటలాగ్ పూర్తయితేనే తేలుతుంది. క్యాటలాగ్ మెరుగైన ప్రతిసారీ ఆ విరామం కుదించుకుపోతోంది. రాబోయే రోజుల్లో పెద్ద ప్రకంపన సంభావ్యతను అంచనా వేసే నమూనాలు ఈ తొలి గంటల లెక్కలతోనే మొదలవుతాయి.

పద్ధతికి గుడ్డి మచ్చ కూడా ఉంది. టెంప్లేట్ లేని చోట అది ఏదీ చూడదు. ఫాల్ట్ ఒక భాగంలో మొదటి టెంప్లేట్ రెండో రోజున దొరికితే దాన్ని వెనక్కి మొదటి గంట మీద కూడా నడపాలి. లేకపోతే ప్రకంపనలు అటువైపు "వలస వెళ్లినట్టు" భ్రమ కలుగుతుంది. అందుకే చాలామంది ఇప్పుడు ముందు న్యూరల్ నెట్‌వర్క్‌తో కొత్త ప్రాంతాల్లోని ప్రకంపనలను పట్టి, వాటిని టెంప్లేట్లుగా మార్చి, ఆ తర్వాత పోలిక నడుపుతున్నారు. పోలికతో దొరికినవాటినే మళ్లీ టెంప్లేట్లుగా మార్చే రెండో విడత కూడా ఉంది. అక్కడ హద్దును మరింత పెంచాలి, ఎందుకంటే తప్పుడు గుర్తింపు ఒక్కటి టెంప్లేట్ అయితే అది తనలాంటి తాలునే వందలుగా పోగుచేస్తుంది. ప్రతి ప్రకంపన పక్కన దాని టెంప్లేట్ గుర్తు, వాడిన ఛానళ్ల సంఖ్య, సగటు కోరిలేషన్, అది హద్దును ఎన్ని రెట్లు దాటిందీ, ఏ విడతలో దొరికిందీ అన్న ఐదు అంకణాలు క్యాటలాగ్‌లో ఉంటే, చదివేవారు తమ అవసరానికి తగ్గట్టు జల్లెడ కన్నాలను తామే బిగించుకోగలరు.